ఆగిపోయిన ఇంజను చప్పుడు

మా సెక్టర్ ఏడులో ఎవరు బండి కొన్నా, బండేసుకుని దూరం వెళ్ళాలన్నా ముందు గణపతిరావు మావయ్య చెవికి చూపించాలి. ఈ రూలు ఎవరు పెట్టారో తెలీదు గానీ నేను పుట్టినప్పటినుంచీ ఇదే చూస్తున్నాను. కోటమ్మ పిన్ని టీ దుకాణం ముందు బండి ఆపుతారు. ఆయన మూరెడు ఇనుప రాడ్డు తెచ్చి ఒక కొన ఇంజను మీద, ఇంకో కొన చెవికి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. తలూపితే బండి బాగున్నట్టు. ఉక్కు ప్లాంటులో, కొలిమికి గాలి కొట్టే బ్లోయర్ హౌస్‌లో ముప్పై రెండేళ్ళు అదే రాడ్డుతో బేరింగులు విని రిటైరైన మనిషి కదా, ఆయన మాటకి ఇక్కడ అప్పీలు లేదు.

నేను కొన్నది పాత వేను. సోమవారం స్కూళ్ళు తెరుస్తారు. మా అమ్మాయి బిందుప్రియతో కలిపి ఏడుగురు పిల్లల్ని అందులో స్కూలుకి తీసుకెళ్ళి తీసుకురావాలి. మిగతా ఆరుగురి తల్లులూ నన్ను అడిగింది ఒకటే ప్రశ్న: గణపతిరావు గారు విన్నారా? ఆయన వింటే మాకు సరే.

కానీ నాలుగు రోజులుగా ఆ వేను నన్ను భయపెడుతోంది. పొద్దున్న స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మని కాసేపుండి పోయేది, దానికి నేనేం అనుకోలేదు. ఇప్పుడొచ్చేది వేరే చప్పుడు. యాక్సిలరేటర్ తొక్కితే సీటు కిందనుంచి ఎవరో తలుపు కొడుతున్నట్టు ఠక్ ఠక్‌మంటోంది. మా ఆయన సతీశ్ డ్యూటీకి వెళ్తూ, "నీకేం తెలుసు ఇంజను సంగతి, మావయ్యకి చూపించు, బస్" అన్నాడు. సుపేలాలో జితేంద్ర గేరేజీ ఆరింటికి మూసేస్తాడు, ఆదివారం తియ్యడు. శనివారం సాయంత్రం ఐదూ పదికి నేను కోటమ్మ పిన్ని దుకాణం ముందు వేను ఆపాను.

మావయ్య నా పక్క సీటు ఎత్తించి, కిందున్న ఇంజను మీద రాడ్డు ఆనించి, అర నిమిషం కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, "వెన్న" అన్నాడు. వెన్నలాగ నున్నగా నడుస్తోందని అర్థం.

నేను స్టీరింగు మీదకి వంగి పెడల్ వైపు చూస్తూ, "తొక్కితే చప్పుడొస్తోంది మావయ్యా" అన్నాను.

"ఆఁ, పెట్రోలు రేపు పోయించుకో, ఇవాళ బంకులో జనం ఉంటారు" అన్నాడాయన.

నేను పెట్రోలు సంగతి ఎత్తనే లేదు. ఆయన మాత్రం రాడ్డు చంకలో పెట్టుకుని వెళ్ళి, వేనుకి వీపు పెట్టి బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా దుర్గారావు బాబాయ్ ఉన్నాడు. చరోదా యార్డులో రైలు చక్రాలను సుత్తితో కొట్టి చూసే పని చేసి రిటైరయ్యాడు. వాళ్ళిద్దరూ బావా బావా అనుకుంటారు గానీ ఒకరి మాట ఒకరు నమ్మరు. ఊరికే పెట్రోలు ఎందుకని నేను ఇంజను ఆపేసి, కిందకి దిగి బెంచీ పక్కన నిలబడ్డాను.

"ఏటమ్మా, మొహం అలాగెట్టినావు? నా చెవి మీద అనుమానమేటి?" అన్నాడు మావయ్య నా మొహం చూసి. "ఇదిగో, వినాయకుడి పేరెట్టినారు నాకు, చెవులు ఊరకే పోతాయేటి. ఆ రోజుల్లో మూడో నంబరు బ్లోయర్ ఉండీది. దాని పక్కన నిలబడితే పక్కవాడు చచ్చిపోతున్నానని అరిచినా వినబడదు. అలాంటి చోట నేను రాడ్డెట్టి, ఫోర్‌మన్ సాబుతో చెప్పినాను, సాబ్, లోపల బేరింగు మూడు రోజుల్లో పోతాది అని. ఆయన నవ్వినాడు. నాకు మండిపోయింది. విప్పి చూడు, లేకపోతే నా పేరు మార్చుకుంటానన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? విప్పినారు. బేరింగులో ఒక్క గుండుకి తలవెంట్రుకంత చీలిక."

"అది నిజమే, నేనూ విన్నాను" అంది కోటమ్మ పిన్ని, టీ గ్లాసు అందిస్తూ. గ్లాసు ఇచ్చే ముందు ఆయన చేతి మీద వేలితో తట్టింది. పిన్ని అలా ఇంకెవరినీ తట్టదు. ఆ సంగతి నేను అప్పుడే గమనించాను.

"నిజం కాక మరేటి? రొద సోకకుండా చెవులకి పెట్టుకోమని మఫ్‌లు ఇచ్చీవారు, ఎర్రటివి. నేనొక్క రోజు పెట్టుకోలేదు. చెవి మూసుకుంటే బేరింగు ఎలాగ మాటాడుతాదిరా వెర్రిబాగులోళ్ళారా అనీసి, అవి పట్టుకెళ్ళి మీ అప్పలనర్సమ్మత్తకి ఇచ్చీసినాను. శీతాకాలం చెవులకి పెట్టుకుని ముగ్గులేసీది. సెక్టరంతా అలాంటివి ఎక్కడ కొన్నావని అడిగినారు దాన్ని."

"అది సరే మావయ్యా, మరి నా వేను..."

"వస్తన్నాను, వస్తన్నాను. ఇంజనన్నాక చప్పుడుండదేటి? తాటాకు చప్పుళ్ళకి బెదిరితే బండి నడిపినట్టే. ముందు ఏది మామూలు చప్పుడో, ఏది కాదో తెలుసుకోవాల. పొద్దున్నే లేచిన మనిషి రెండు దగ్గులు దగ్గుతాడు. చల్లటి ఇంజనూ అంతే, టిక్ టిక్ అంటాది, ఆయిలు పైకెక్కినాక ఊరుకుంటాది. అది నార్మల్. వానలో బెల్టు ఒకసారి కీచుమంటాది, ఆరినాక మానీస్తాది. అదీ నార్మలే. ఏసీ వేస్తే ఫ్యాను రొద పెడతాది, పెట్టనీ. కానీ వేడెక్కినాక కూడా లోపల ఎవరో తలుపు కొట్టినట్టు కొట్టుకుని, తొక్కినకొద్దీ పెరిగిందనుకో, అది అబ్‌నార్మల్. అలాంటి బండిలో నేను కుక్కపిల్లని కూడా ఎక్కించను."

తలుపు కొట్టడం, తొక్కినకొద్దీ పెరగడం, నేను నాలుగు రోజులుగా వింటున్నది అదే. ఇంత బాగా తెలిసిన మనిషి ఇప్పుడే రాడ్డెట్టి వెన్న అన్నాడు. అయితే నా చెవైనా తప్పు వినాలి, లేదా ఆయన చెప్పేదైనా అబద్ధమవ్వాలి. నా చెవి తప్పయితే బాగుండునని మొక్కుకున్నాను. గోడ గడియారం ఐదూ ఇరవై చూపిస్తోంది.

"ఇదే బెంచీ మీద కూచున్నాను ఒక రోజు," అన్నాడు మావయ్య గ్లాసు ఊదుకుంటూ. "రోడ్డు మీద తెల్ల కారు పోతోంది, ఎవరో పెద్ద సాబుది. గంటకి అరవై మీద ఉంది. నేను లేచి, రోకో అన్నాను. డ్రైవరు బ్రేకేసినాడు. నాలుగు ప్లగ్గుల్లో నీ రెండో ప్లగ్గు తడిసిపోయిందిరా అన్నాను. వాడు బానెట్ ఎత్తి, ప్లగ్గు పీకి, నా కాళ్ళ మీద పడబోయినాడు."

"రెండోదే అని ఎలాగ తెలిసింది బావా?" అన్నాడు దుర్గారావు బాబాయ్.

"మూడు ప్లగ్గులు టప్ అంటన్నాయి, ఒకటి టుప్ అంటోంది."

"అరవైలో పోతున్న కారులో?"

"మధ్యలో మాటాడకు బావా, కథ తెగిపోతాది. నీదంతా సుత్తి పని. నువ్వు కొడితే గానీ చక్రం మాటాడదు. గంటలాగ మోగితే మంచిది, పగిలిన కుండలాగ మోగితే పాడైనట్టు. నా దగ్గర కొట్టడాల్లేవు. అంతెందుకు, మీ చరోదాలోనే, యార్డు పక్క రోడ్డు మీద ఒక లారీ ఫ్యాను బెల్టు తెగబోతంటే నేను ఇక్కడినుంచే విన్నాను."

"ఇక్కడినుంచి?" అన్నాడు బాబాయ్. "మధ్యలో ప్లాంటుంది, ఊరుంది, రైళ్ళున్నాయి. ముప్పయ్యేళ్ళు నేను యార్డులోనే ఉండి, చక్రం పక్కన వంగితే గానీ నాకు వినబడలేదు. మా చెవుల్లో పువ్వులు పెడుతున్నావేటి?"

"గాలి ఇటు తిరిగింది ఆ రోజు. గాలి సంగతి బ్లోయర్ హౌస్‌ వాడికి నువ్వు చెప్తావేటి?"

కోటమ్మ పిన్ని నవ్వు దాచుకోడానికి స్టవ్వు వైపు తిరిగి, అలా తిరిగే, "అన్నయ్యా, చక్కెర సరిపోయిందా?" అంది. మావయ్య పలకలేదు. పిన్ని మళ్ళీ అడగలేదు, ఆయన జవాబు చెప్పడని ముందే తెలిసినట్టు. నేను ఆవిడ మొహం చూశాను. ఆవిడ నా వైపు చూడకుండా పాలు పొంగించుకుంటూ ఉండిపోయింది.

"అది దగ్గర. దూరం సంగతి చెప్తాను వినండి," అన్నాడు మావయ్య. "నరసన్నపేటలో మా మేనల్లుడు పండు లేడూ, వాడు ఫోన్ చేసినాడు. మావా, కారులో ఏదో గరగరమంటోంది, మెకానిక్కులు ముగ్గురు చూసి వదిలీసినారు అనీసి. ఒరే, ఫోన్ని బానెట్ లోపల పెట్టమన్నాను. పెట్టినాడు. విన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒరే పండూ, ఇంజను బంగారం, గాలి ఫిల్టరు డబ్బాలో ఎలక ఉంది అన్నాను. ఉత్త ఎలక కాదు, ఈనిన ఎలక. ఐదు పిల్లలు అన్నాను."

"ఫోన్లోనే లెక్కెట్టీసినావు" అన్నాడు బాబాయ్.

"వాడు డబ్బా విప్పినాడు. తల్లి ఉంది, పిల్లలు నాలుగే ఉన్నాయి. మావా నీ చెవి తప్పింది, నాలుగే అన్నాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఫోన్ పెట్టీసి, సాయంత్రం దాకా ఉండమన్నాను. సాయంత్రం మళ్ళీ చేసినాడు, గొంతు వణుకుతోంది. మావా, ఐదోది ఇప్పుడే పుట్టింది అన్నాడు."

కోటమ్మ పిన్ని ఈసారి నవ్వు ఆపుకోలేదు. నాకూ నవ్వొచ్చేదే, గడియారం ఐదున్నర చూపించకపోతే.

"నవ్వండి. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. నేను రిటైరైనా ఈ చెవి చెవే," అని మావయ్య బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపించాడు. "మన రోహిణి వేను చూడండి. ఇందాకటినుంచీ నా వెనక నడుస్తానే ఉంది. చప్పుడేమైనా అదిరిందా? బెదిరిందా? మంచి ఇంజనంటే నిండు కుండ, తొణకదు. అలాగ విని నేర్చుకోండి."

దుర్గారావు బాబాయ్ నా వైపు చూసి, వేను వైపు చూసి, మెల్లగా అన్నాడు: "బావా, ఆ పిల్ల ఇంజను ఆపీసి ఇరవై నిమిషాలైంది."

మావయ్య బాబాయ్ పెదాల వైపే చూస్తున్నాడు. ఒక్క క్షణం ఆయన చేతిలో గ్లాసు ఆగింది. తర్వాత గుటకేసి, "ఆపీసిందని నాకు తెల్దేటి?" అన్నాడు. "ఆగిన ఇంజన్నే వింటన్నాను. నడిచే ఇంజను ఎవడైనా వింటాడు, అందులో గొప్పేటి? ఆగిన ఇంజన్లో రేపటి చప్పుడు పడుకుని ఉంటాది. అది వినాల."

"ఓరి నాయనో" అన్నాడు బాబాయ్.

"నమ్మవా? దుర్గ్‌లో మా వియ్యంకుడు కొత్త కారు కొన్నాడు. ఇంకా తాళం తిప్పలేదు, కొబ్బరికాయ కొట్టలేదు. నేను బానెట్ మీద చెవి పెట్టి చెప్పీసినాను, ఏడేళ్ళకి, మంగళవారం పూట, దీని రేడియేటరు కారుతాది అని. ఆయన ఆ తారీకు గోడ మీద రాసుకున్నాడు. ఏడేళ్ళకి కారింది."

"మంగళవారమేనా?"

"బుధవారం. మధ్యలో లీపు సంవత్సరం వచ్చింది కదా, ఒక రోజు జరిగింది."

నేనింక నిలబడలేకపోయాను. అనుమానం అనుమానంగా ఉన్నంతసేపు పెద్దాయన్ని ఏమంటాంలే అనుకోవచ్చు. సోమవారం పొద్దున్న ఏడింటికి ఆ సీటు మీద బిందు కూర్చుంటుంది, దాని పక్కన ఆరుగురు. బెంచీ వెనకనుంచి నడిచి వెళ్ళి నేను వేను ఎక్కాను. మావయ్య తల తిప్పలేదు.

"కారు దాకా ఎందుకు," అంటున్నాడాయన, గొంతు ఇంకా పెంచి, "ఒక రోజు ప్లాంటులో ఇనుము కరిగి పారతోంది. ఎర్రగా, కాలవలాగ. నేను గట్టు మీద నిలబడి చెవి పెట్టినాను. ఒరే, ఈ ఇనుములో ఒక కారుంది అన్నాను. ఇంకా పుట్టలేదు ఆ కారు. దాని ఎడమ తలుపు కీచుమంటాది అన్నాను."

నేను తాళం తిప్పాను. యాక్సిలరేటర్ తొక్కాను. సీటు కింద ఠక్ ఠక్ ఠక్ మొదలైంది. ఇంకా తొక్కాను. కోటమ్మ పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. దుకాణం కింద పడుకున్న కుక్క లేచి రోడ్డు దాటి వెళ్ళి అవతల పడుకుంది. దుర్గారావు బాబాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. చక్రాల చప్పుడు విన్న మనిషి, ఆ చప్పుడేమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఆ ఇనుముతో చేసిన కారు ఈ దేశంలో ఎక్కడ తిరిగినా దాని తలుపు నాకు తెలుస్తాది," అన్నాడు మావయ్య. "అంతెందుకు, ఈ వేను వినండి ఇప్పుడు. ఎంత సుఖంగా పడుకుందో. ఆగిన ఇంజనంటే ఇలాగుండాల. చీమ చిటుక్కుమనడం లేదు."

నేను తొక్కుతూనే ఉన్నాను. ఆయన బాబాయ్ మొహం చూశాడు, పిన్ని మొహం చూశాడు. ఇద్దరూ ఆయన వెనక్కి చూస్తున్నారు. అప్పుడు తిరిగాడు. సైలెన్సర్ లోంచి వచ్చే పొగ చూశాడు. లేచి వచ్చి వేను తలుపు మీద అరచెయ్యి పెట్టాడు. ఇంజను కొట్టుకున్నప్పుడల్లా ఆ చెయ్యి అదురుతోంది. నేను కాలు తీసి ఇంజను ఆపేశాను.

"ఎప్పుడు స్టార్ట్ చేసినావమ్మా?" అన్నాడు.

ఆయనకి నా పెదాలు కనబడేలా కిటికీలోంచి మొహం బయటపెట్టి చెప్పాను. "నీకు ఇనుములో కారు వినబడినప్పుడు మావయ్యా."

ఆయన చెయ్యి తలుపు మీదే ఉంది. నాకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు బయటపడింది. "నువ్వు వెన్న అన్నావని ఆరుగురు తల్లులు నన్ను నమ్మారు మావయ్యా. నా కూతురు కూడా ఇందులోనే కూర్చుంటుంది. వినబడట్లేదని ఒక్క మాట అనుంటే ఏం పోయేది?"

"ఆ ఎర్ర మఫ్‌లు నువ్వే పెట్టుకోవలసింది బావా," అన్నాడు దుర్గారావు బాబాయ్ ఆయన ముందుకొచ్చి నిలబడి. ఎగతాళిగా అనలేదు.

గడియారం ఐదూ నలభై అయింది. మావయ్య రాడ్డు చంకలోంచి తీసి బాబాయ్ చేతికిచ్చి, నాకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నా మొహం చూసి చెప్పమ్మా," అన్నాడు. "ఎలాగుంది చప్పుడు?"

నా ఎరుకలో ఆయన ఎవర్నీ ఆ ప్రశ్న అడగలేదు. నేను మెల్లగా, ఒక్కో మాటే చెప్పాను. తలుపు కొట్టినట్టు ఉందన్నాను.

"వేడెక్కినా ఉంటోందా?"

"ఉంటోంది."

"తొక్కితే పెరుగుతోందా?"

"పెరుగుతోంది."

"పైనుంచా, అడుగునుంచా?"

"అడుగునుంచి."

"కనెక్టింగ్ రాడ్డు బేరింగు," అన్నాడు. ఈసారి కథ చెప్పే గొంతు కాదు అది. "పోయింది. మళ్ళీ తాళం తిప్పకు. సుపేలా దాకా కూడా నడపొద్దు, దారిలో ఇంజను బిగుసుకుపోతాది. జితేంద్రని తాడు తెచ్చి లాక్కెళ్ళమను. ఫోన్ చెయ్, గేరేజీ మూసీలోపు చెయ్."

వేను దిగి చేశాను. జితేంద్ర చప్పుడు గురించి రెండు ప్రశ్నలడిగాడు, మావయ్య అడిగినవే. "మత్ చలానా దీదీ, ఆతా హూఁ" అన్నాడు, నడపొద్దు, వస్తున్నానని. మావయ్య అడక్కుండానే ఆ మాట ఆయనకి ఎదురుగా నిలబడి చెప్పాను.

ఆయన తలూపి చెప్పులేసుకున్నాడు. "ఆ ఆరిళ్ళకీ నేనే వెళ్ళి చెప్తాను, సోమవారం బండి రాదని."

"ఏమని చెప్తావ్ అన్నయ్యా?" అంది కోటమ్మ పిన్ని, చేతి మీద తట్టి.

"చెవి పోయి తొమ్మిదేళ్ళైందని చెప్తాను. బండి చప్పుడు బండి నడిపేవాళ్ళనే అడగమని చెప్తాను."

నాలుగు అడుగులు వేశాడు. నాకు ఆయన్ని అలా పంపడానికి మనసొప్పలేదు. పరిగెత్తి ముందుకెళ్ళి నిలబడ్డాను.

"మావయ్యా, ఆ నరసన్నపేట ఎలకకి ఇంతకీ ఎన్ని పిల్లలు?"

ఆయన నా పెదాల వైపు చూశాడు. తర్వాత దుకాణం వైపు చూశాడు, బాబాయ్ వినగలిగేంత దూరంలో ఉన్నాడేమోనని.

"నాలుగే," అన్నాడు.